మా పిండిమరకు సైలెన్సర్ బిగించిన ఆదివారం

ఆ రోజుల్లో ఏ వస్తువూ పాడైపోయేది కాదు. "జర సతాయిస్తున్నది" అనేవారు, అంతే. ఫ్యాను సతాయించేది, రేడియో సతాయించేది, మా నాయనమ్మ మోకాలు సతాయించేది. అన్నిటికీ ఒకటే వైద్యం, పక్కనుంచి రెండు దెబ్బలు వేసి చూడటం (మోకాలికి మాత్రం నువ్వుల నూనె). తొంభైల మొదట్లో, అశోక్ నగర్‌లో మేము కిరాయికి ఉన్న ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ సతాయించింది మా నాన్న కారు. వయసులో అది నాకంటే పెద్దది, కాబట్టి ఇంట్లో మర్యాద కూడా దానికే ఎక్కువ. నాన్న ఒక సర్కారు దఫ్తరులో సూపరింటెండెంటు. రిటైరై ఊరికి వెళ్ళిపోతున్న పై అధికారి దగ్గర ఆ కారును కొన్నాడు. ప్రతి ఆదివారం దానికి తలంటుస్నానం చేయించేవాడు. నాకూ చిన్నప్పుడు తలంటాడు కానీ, ఇంత శ్రద్ధగా చెవుల వెనక తుడిచినట్టు నాకు గుర్తులేదు. ఇక నడపడమంటారా, కాయగూరల బండివాడు మమ్మల్ని దాటిపోతూ "పెద్దసారూ, వంకాయలు తాజాగున్నయ్" అని బేరం పెట్టి, బేరం తెగాక ముందుకు వెళ్ళిపోయేవాడు.

అలాంటి కారు ఒక సోమవారం పొద్దున నారాయణగూడ చౌరస్తా దగ్గర "ఢబ్" మన్నది. ఆ తర్వాత వెనక నుంచి భయంకరమైన మోత మొదలైంది. నాన్న అద్దంలోకి చూసి, "లారీ వస్తున్నట్టుంది, దారిద్దాం" అని కారును పక్కకు తీసి ఆపేశాడు. మోత కూడా ఆగిపోయింది. "పోయినట్టుంది" అని మళ్ళీ బయలుదేరాడు. లారీ మళ్ళీ వచ్చింది. మళ్ళీ పక్కకు తీశాడు. ఇలా మూడుసార్లు మా కారుకు మేమే దారి ఇచ్చుకున్నాక, పక్కన కూర్చున్న నేను మెల్లిగా, "నాన్నా, లారీ మనమే" అన్నాను. దిగి, వంగి చూశాం. సైలెన్సర్ డబ్బా అడుగంతా తుప్పు తినేసి, నా పిడికిలి పట్టేంత బొక్క పడింది.

మర్నాటికల్లా గల్లీలో పిల్లలు దానికి 'పిండిమర' అని పేరు పెట్టేశారు. చిక్కడపల్లి లైబ్రరీ పక్కనుంచి వెళ్తుంటే, మెట్ల మీద కూర్చుని సర్కారు నౌకరీ పరీక్షలకు చదువుకునే అన్నలందరూ ఒక్కసారిగా పుస్తకాలు మూసి మావైపు చూశారు. అందులో ఒకాయన లేచి వచ్చి చేతులు జోడించాడు. "అంకుల్, మాకు నౌకరీలు వచ్చేదాంక జర ఈ తొవ్వన రాకున్రి." నాన్న సిగ్గుతో స్టీరింగు కిందికి జారిపోయాడు. కారు మాత్రం ఏమీ సిగ్గుపడకుండా ఇంటిదాకా అరుచుకుంటూ వచ్చింది.

ఇంటి దగ్గర అసలు గండం కాచుకుని ఉంది. పై అంతస్తులో ఉండే మా ఇంటి ఓనరు కోర్టులో బెంచి క్లర్కుగా పనిచేసి రిటైరైనాయన. ముప్పై ఏళ్ళు నిశ్శబ్దంలో బతికిన మనిషి. గల్లీలో కుక్క మొరిగినా బాల్కనీలోకి వచ్చి దాని పేరు రాసుకునేట్టు చూసేవాడు. పిల్లలు ఆయనకు 'ఆర్డర్ తాత' అని పేరు పెట్టుకున్నారు (పేరు పెట్టింది నేనే, కానీ ఇన్నేళ్ళూ పిల్లల మీదే నెట్టుకొస్తున్నాను). బుధవారం సాయంత్రం ఆయన నాన్నను మెట్ల దగ్గర నిలబెట్టి తీర్పు చదివాడు.

"సోమవారం పొద్దున గీ సప్పుడు మళ్ళ నా చెవుల పడ్డదనుకో, బండి కంపౌండ్ల ఉండొద్దు. గంతే."

"సరే సార్" అన్నాడు నాన్న. మా నాన్న జీవితంలో ఎవరితోనూ వాదించలేదు. దఫ్తరులో ఫ్యానుకు కూడా గాలి ఇవ్వమని దరఖాస్తు పెట్టుకునే రకం.

కంపౌండు బయట కారు పెట్టే చోటు లేదు. గల్లీ అంత ఇరుకు. పెట్టామంటే పాలబండి కూడా రాదు. నారాయణగూడలో నాన్నకు తెలిసిన ఉస్తాద్ ఒకాయన ఉన్నాడు, పాత కార్లు బాగుచేసే మెకానిక్కు. ఆయన మేనకోడలి పెళ్ళి పనుల్లో ఉన్నాడు, వచ్చే శుక్రవారం దాకా ఇళ్ళకు వచ్చి పని చేయలేనన్నాడట. ఆ మోతతో కారును అక్కడిదాకా తీసుకెళ్ళడానికి నాన్నకు మొహం చెల్లలేదు. గురువారం రాత్రి అన్నం తింటూ, ఎవరివైపూ చూడకుండా, "రాంనగర్ల ఒకాయన పాత బండ్లు తీసుకుంటడట. సోమవారం వచ్చి చూస్తనన్నడు" అన్నాడు.

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. డిప్లొమా రెండో ఏడు పాసైతే కారు నేర్పిస్తానని నాన్న మాటిచ్చాడు. నేను పాసై నెల అయింది. అప్పటికే కలలో రెండుసార్లు ట్యాంక్ బండ్ చుట్టూ తిరిగి వచ్చాను కూడా.

"సైలెన్సర్ నేను మారుస్త నాన్నా" అన్నాను.

నాన్న నా నుదురు మీద చెయ్యి వేసి చూసేవాడే, చెయ్యి ఎంగిలి కాబట్టి ఆగాడు. "నువ్వా?"

"మెకానికల్ కదా నేను."

నాన్న నీళ్ళు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు. అప్పుడు మా నాయనమ్మ కల్పించుకుంది. ఆమెది పాలమూరు వైపు పల్లె. నోటికి మూత వేయించుకోకుండానే పట్నం వచ్చింది. "మార్సనియ్ రా. రెండేండ్ల సంది పోరి ఇంజన్ల సదువు సదువుతున్నదంటివి. ఎందుకు మరి, గోడకు పటం కట్టనీకా?"

(అమ్మ పుట్టింటికి వెళ్ళింది. ఆమే ఉండి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.)

ఇక్కడ నా విద్య గురించి ఒక నిజం చెప్పాలి. మా బ్రాంచిలో ఆడపిల్లలం ఇద్దరమే, రెండో అమ్మాయి ఎప్పుడూ వచ్చేది కాదు. ల్యాబులో మగపిల్లలు పానాలు పట్టుకునేవారు, నేను రికార్డు రాసేదాన్ని. "నీ అక్షరాలు ముత్యాలమ్మా" అని మా సారు నన్ను మెషీన్ల దరిదాపుల్లోకి రానివ్వలేదు. ఇంజన్ను నిలువునా కోస్తే లోపల ఎలా ఉంటుందో మూడు రంగుల పెన్సిళ్ళతో గీసి చూపించగలను. నట్టు ఏ వైపు తిప్పితే ఊడుతుందో మాత్రం మనసులో ఆవకాయ సీసా మూత తిప్పి చూసుకుని నిర్ధారించుకోవాలి.

శనివారం ఉస్తాద్ షెడ్డుకు వెళ్ళాను. కొలతలు చెప్పగానే అటక మీద నుంచి కొత్త సైలెన్సర్ దింపాడు. "ఎవరు ఎక్కిస్తరు బేటీ?" అన్నాడు.

"నేనే."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. గడ్డం గోక్కుని, కాసేపు నన్నూ సైలెన్సర్‌నూ మార్చి మార్చి చూసి, "అయితే ఇను. జంగు పట్టిన బోల్టుకు ఇయ్యాలనే గ్యాస్‌నూనె పోసి నాననియ్. రేపు జబర్దస్తీ చెయ్యకు. బోల్టుకు ఇజ్జత్ ఇస్తెనే అది తిరుగుతది. ఇంకోటి, ఒట్టి జాకీ మీద భరోసా పెట్టి బండి కిందికి దూరకు. టైర్ల కింద బండలు పెట్టినంకనే దూరు. నీ సదువు పోయినా మళ్ళ వస్తది, తలకాయ రాదు" అన్నాడు.

సైలెన్సర్‌కు నూనె జిడ్డు ఉండటంతో ఇంటి నుంచి తెచ్చిన పాత దుప్పటిలో చుట్టి, రెండు చేతులా ఎత్తుకుని బస్సెక్కాను. నిలబడి ఊగుతుంటే ఒకావిడ గబుక్కున లేచి, "కూసో బిడ్డా, చంటిపిల్లతోటి ఏం నిలవడతవ్" అని సీటిచ్చింది. కూర్చున్నాను, ఏం చేయను. చిక్కడపల్లి దాటేదాకా ఆవిడ దుప్పటి వైపే ముద్దుగా చూస్తూ నిలబడింది. "ఎన్నో నెల?" అని అడిగింది. "కొత్తదే" అన్నాను. అప్పుడు బస్సు గుంతలో పడి, దుప్పటి జారి, గొట్టం బయటికి వచ్చింది. ఆవిడ ముఖం నేను ఈ జన్మలో మర్చిపోను. తర్వాతి స్టాపు మాది కాకపోయినా దిగిపోయాను.

ఆ సాయంత్రం గ్యాస్‌నూనె (అదే, కిరోసిన్) కోసం నాయనమ్మతో పెద్ద యుద్ధమే జరిగింది. రేషన్‌లో లైను కట్టి తెచ్చుకున్నది కదా, చుక్క చుక్కకూ ఆమె దగ్గర లెక్క ఉండేది. చివరికి గరిటెడు ఇచ్చింది. "బోల్టుకు తాపుతవా? తాపు, తాపు. నా మోకాలికి నూనె అడిగితే మాత్రం ఇంట్ల ఎవలకు తీరదు" అని సణుగుతూ.

ఆదివారం వచ్చింది. నాన్న కారును వెనక్కి నడిపి, వెనక టైర్లు రెండూ షాబాదు బండల దొంతర మీదికి ఎక్కించాడు. ఆ అరనిమిషం ఇంజన్ మోతకు పైన బాల్కనీ తలుపు తెరుచుకుంది. ఆర్డర్ తాత చేతిగడియారం చూసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. గడువు ఇంకా ఉందని లెక్కేసుకున్నాడేమో. ముందు టైర్లకు ఇటుకలు అడ్డం పెట్టాక నాన్న ఇంట్లోకి వెళ్ళి, పెద్ద పూల దుప్పటి ఒకటి తెచ్చి గేటుకు అడ్డంగా కట్టాడు.

"అదెందుకు నాన్నా?"

"బయటోళ్ళు చూస్తే బాగుండది. ఆడపిల్లను బండి కింద పండవెట్టిండంటరు" అన్నాడు, నా వైపు చూడకుండా.

నాకు చివుక్కుమంది. కానీ అప్పటికే బోర్లా పడుకోవాలా వెల్లకిలా పడుకోవాలా అన్న పెద్ద ప్రశ్నలో ఉన్నాను. తుప్పు కళ్ళలో పడకుండా నాయనమ్మ కంటి ఆపరేషనప్పుడు ఇచ్చిన నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాను. చెవుల దాకా ముఖాన్ని కప్పేసే రకం. కారు కిందికి దూరాక అర్థమైంది, వాటితో ఏమీ కనిపించదని. "టార్చి వెయ్యండి" అన్నాను. నాన్న టార్చి వేశాడు. పెట్రోల్ ట్యాంకు మీద వేశాడు, టైరు మీద వేశాడు, నా ముక్కు మీద వేశాడు. బోల్టు మీద తప్ప అన్నిటి మీదా వేశాడు.

మూడు చోట్ల విప్పాలి. ఇంజన్ గొట్టం సైలెన్సర్‌లోకి దూరే చోట ఒక క్లాంపు, నడుమ ఒక రబ్బరు పట్టీ, వెనక తోక గొట్టం దగ్గర ఇంకో క్లాంపు. మొదటి బోల్టుతో అరగంట కుస్తీ పట్టాను. ఆవకాయ సీసాను మనసులో ఎన్నిసార్లు తిప్పి చూసినా కదలదే. అప్పుడు వెలిగింది, నేను వెల్లకిలా ఉన్నాను, సీసా తలకిందులైంది, అరగంట నుంచి నేను దాన్ని బిగిస్తున్నాను! నాన్నకు చెప్పలేదు. "ఇప్పుడు వదులైతున్నది" అన్నాను, చాలా కష్టం మీద లొంగదీసినట్టు. రెండో బోల్టుకు ఇజ్జత్ ఇచ్చాను, "రా తల్లీ" అన్నాను, బతిమిలాడాను. అది టప్పున విరిగి నా నోట్లో పడింది. ఉమ్మేసి రంపం అడిగాను.

ఇంతలో గేటు బయట నుంచి ఎవరో, "ఏం సార్, దుప్పట్లు కట్టిన్రు, ఇంట్ల ఫంక్షనా?" అన్నారు.

"లే లే, మెకానిక్ వచ్చిండు" అన్నాడు నాన్న.

కారు కింద పడుకుని, నోట్లో తుప్పు రుచితో, నేను 'వచ్చిండు' అయిపోయాను. మధ్యాహ్నం దాకా ఆ మాట నాలుగుసార్లు విన్నాను. నాలుగోసారికి మెకానిక్కుకు వయసు కూడా పెరిగింది. "పెద్దమనిషి, మంచి పనిమంతుడు" అంటున్నాడు నాన్న.

పాత డబ్బా ఊడి వచ్చేసరికి సూర్యుడు నడినెత్తి దాటాడు. కొత్తది ఎక్కించడం ఇంకో రామాయణం. దాన్ని ఛాతీ మీద పెట్టుకుని, రెండు మోకాళ్ళతో ఎత్తి పట్టి, గొట్టాన్ని గొట్టంలోకి దూరుస్తూ సుత్తితో కొడుతుంటే, పాత తోక గొట్టం నుంచి మసి పెళ్ళలు పెళ్ళలుగా రాలుతోంది. కంపౌండులో ఆ వైపు చాప మీద నాయనమ్మ వడియాలు ఆరబోసుకుని ఉంది. "నా వడియాలు!" అని ఒక కేక వినిపించింది, తర్వాత ఏవో అడుగుల చప్పుళ్ళు, తిట్లు. నేను పట్టించుకోలేదు. చివరి బోల్టు బిగించి బయటికి వచ్చి నిలబడ్డాను. నా అవతారం చూసి నాన్న ఒక అడుగు వెనక్కి వేశాడు.

సాయంత్రం అయిదింటికి ఆర్డర్ తాత కిందికి దిగి వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ, తెల్ల పంచె. "స్టార్ట్ చెయ్యిన్రి, ఇందాం" అని కారు వెనక్కి వెళ్ళి, చేతులు వెనక కట్టుకుని, తోక గొట్టం దగ్గర వంగి చెవి పెట్టాడు. నాన్న దేవుడిని తలుచుకుని తాళం తిప్పాడు. ఇంజన్ 'గుర్' మని, దగ్గి, ఆగిపోయింది. పరమ నిశ్శబ్దం.

"బాగనే ఉన్నదే!" అన్నాడు ఆర్డర్ తాత, ఆశ్చర్యంగా.

"అది ఆగిపోయింది సార్" అన్నాను.

నాన్న మళ్ళీ తిప్పాడు. ఈసారి కంగారులో యాక్సిలరేటర్ అడుగుదాకా తొక్కేశాడు. కారు ఒక్క క్షణం ఉబ్బినట్టయింది, ఆ వెంటనే 'ఫట్' మంటూ ఏదో నల్లటి ముద్ద గొట్టంలోంచి ఎగిరి, నేరుగా వెళ్ళి ఆర్డర్ తాత ముఖానికి తగిలి, విచ్చుకుని, మెడలో కండువాలా వేలాడింది. ఇరవై ఏళ్ళ మసి ఆ తెల్ల లాల్చీ మీద సర్దుకుంది. అది మా నాన్న పాత బనీను.

"వడియాల మీద మసి పడుతుంటే నేనే కుక్కిన" అంది నాయనమ్మ గుమ్మంలోంచి, ఏ మాత్రం పశ్చాత్తాపం లేకుండా. "తీయమని ఎవలన్న చెప్పిన్రా నాకు?"

ఎవరూ కదల్లేదు. నాన్న కారు లోపలే స్టీరింగు పట్టుకుని బొమ్మలా ఉండిపోయాడు. ఇక మూట సర్దుకోవాల్సింది కారు ఒక్కటే కాదు, మేమంతా అనుకున్నాను. అప్పుడు గమనించాను, ఇంజన్ నడుస్తోంది. నడుస్తూనే ఉంది. పిల్లి గురకంత మెత్తగా.

ఆర్డర్ తాత కూడా విన్నాడు. బనీనుతోనే ముఖం తుడుచుకుని (అంతకు ముందు కంటే నల్లబడ్డాడు), "మెకానిక్ ఏడి? పిలువు ఆయన్ని" అన్నాడు.

నాన్న దిగాడు. "ఇప్పుడే వెళ్ళిపోయిండు" అంటాడని నేను ఎదురుచూశాను. ఆయన నా వైపు చూశాడు. నాయనమ్మ నల్ల కళ్ళద్దాలు, మోచేతి మీద రంపపు గీరుడు, నెత్తి నిండా తుప్పు. తర్వాత నడుచుకుంటూ గేటు దగ్గరికి వెళ్ళి దుప్పటి ముళ్ళు విప్పేశాడు. 'ఫట్' చప్పుడుకు గుమిగూడిన గల్లీ అంతా అవతల నిలబడి ఉంది.

"మెకానిక్ ఎవరూ రాలే సార్" అన్నాడు నాన్న, అందరికీ వినబడేట్టు. నేనెప్పుడూ వినని గొంతుతో. "మా బిడ్డనే చేసింది. పొద్దున్నుంచి ఒక్కతే."

ఆర్డర్ తాత నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "సప్పుడైతే లేదు" అన్నాడు చివరికి. "బండి ఉండనియ్. అమ్మా, నువ్వు పోయి ముందు తానం చెయ్యి." ఆ మాట అన్నది, మా అందరిలోకీ నల్లగా ఉన్న మనిషి. గల్లీ పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడనే నా నమ్మకం, ఆ మసిలో పళ్ళు కనిపించాయి మరి.

రాంనగర్ ఆయనను నాన్న గేటు దగ్గర నుంచే పంపించేశాడు. తర్వాతి ఆదివారం లోయర్ ట్యాంక్ బండ్ మీద నా మొదటి డ్రైవింగు పాఠం. రెండో గేరు వేసి పొంగిపోతున్నంతలో కారు కింద కర్ర్ మని చప్పుడు, వెనక నిప్పురవ్వలు. నా సైలెన్సర్ ఒక వైపు ఊడి రోడ్డు మీద ఈడ్చుకుంటూ వస్తోంది. నాన్న కంగారు పడలేదు. డిక్కీలోంచి ఇనుప తీగ తీసి నా చేతికిచ్చాడు. "దిగు. నీ పనే గద" అని, దారిన పోయేవాళ్ళందరూ చూస్తుండగా, నేను రోడ్డు మీద వెల్లకిలా పడుకుంటే నా తల దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. మర్నాడు షెడ్డులో ఉస్తాద్ వంగి చూసి నాలుక చప్పరించాడు. "క్లాంపు ఉల్టా పెట్టినవ్ బేటీ. ఫికర్ చెయ్యకు. నేను ఫస్ట్ టైమ్ పని చేసినప్పుడు గేర్‌బాక్సే కింద పడ్డది."

ఆ తర్వాత డిప్లొమా పూర్తయి, ఇంజనీరుగా ఉద్యోగం వచ్చి, ముప్పై ఏళ్ళు నేను విప్పినవల్లా ఫైళ్ళ తాళ్ళు, బిగించిందల్లా కింది ఉద్యోగులను. మొన్న నా కారు సర్వీసుకు ఇచ్చాను. అద్దాల గది, చల్లటి గాలి, చేతికి కాఫీ. చక్కగా టక్ చేసుకున్న కుర్రాడు వచ్చి, "మేడమ్, సైలెన్సర్ అంటే ఏంటంటే, ఇంజన్ సౌండ్‌ను తగ్గించే పార్ట్ అన్నమాట" అని, చేతులతో బొమ్మ గీసి మరీ వివరించాడు. "అలాగా బాబూ" అన్నాను. అద్దం అవతల నా కారును పైకి లేపారు. దాని కింద ఒక మనిషి దర్జాగా నిలబడే బోల్టు విప్పుతున్నాడు. లేచి వెళ్ళి ఒక్కసారి ఆ పానా అడుగుదామా అనిపించింది. వెల్లకిలా పడుకుంటే మళ్ళీ లేవడానికి ఇద్దరు మనుషులు కావాలి ఇప్పుడు. పందొమ్మిదేళ్ళప్పుడు నాకు బోల్టు గురించి ఏమీ తెలియదు, అందుకే కారు కిందికి దూరాను. ఇప్పుడు అది ఎందుకు విరుగుతుందో, ఎలా విరుగుతుందో, లెక్కలు కట్టి మరీ చెప్పగలను. కాఫీలో పంచదార ఎక్కువైంది. తాగుతూ కూర్చున్నాను.